రీల్సా, షార్ట్సా: చూసినవాళ్లు ఆ తర్వాత ఏం చేయాలి?

(విశాఖపట్నంలో యువ కంటెంట్ క్రియేటర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఎడిటింగ్ నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చే పిల్లలు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, వీడియోను ఇన్‌స్టాలో రీల్‌గా పెట్టమంటారా, యూట్యూబ్‌లో షార్ట్‌గా పెట్టమంటారా?" ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం కూడా అదే. దీనికి నా జవాబు ఎప్పుడూ ఎదురు ప్రశ్నే. మీ వీడియో చూసిన మనిషి, చూడటం అయిపోయాక, ఏం చేయాలని మీరు కోరుకుంటున్నారు? వెంటనే చెల్లెలికో స్నేహితుడికో పంపాలా? ఆరు నెలల తర్వాత అవసరం పడితే వెతుక్కుంటూ రావాలా? ఫోన్ చేసి సరుకు కావాలని అడగాలా? ఇంకో అరగంట కూర్చుని మీ మాటలే వినాలా? ఈ నాలుగు పనులూ ఒకే వేదిక మీద ఒకే తీరున జరగవు. ఏ పని జరగాలో తేల్చుకోకుండా "ఎక్కడ వ్యూస్ ఎక్కువ వస్తాయి" అని మొదలుపెట్టినవాళ్లు ఏడాది తిరిగేసరికి లక్షల వ్యూస్ ఉండి కూడా చేతిలో ఏమీ మిగలక నిలబడిపోవడం మన ఊళ్లోనే చాలామంది విషయంలో చూస్తున్నాను. నా బాధంతా వాళ్ల గురించే.

2020 సంగతి చెప్పకుండా ఈ విషయంలో ముందుకు వెళ్లలేను. ఆ ఏడాది జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. మన దేశంలో దాదాపు 20 కోట్ల మంది వాడుతున్నారని అప్పట్లో పత్రికలు రాసిన యాప్ అది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి ఎంతమంది దానిలోకి వచ్చారో మీలో కొందరికైనా గుర్తుండాలి. సినిమాల్లోనో టీవీలోనో కనిపించే అవకాశం వస్తుందని ఊహించి కూడా ఉండని మనుషులు పొలం గట్టు మీద, ఆటోస్టాండులో, వంటింటి గుమ్మంలో నిలబడి తమ యాసలో తమ నాటికలు తామే ఆడారు. ఉత్తరాంధ్ర మాట అంతవరకూ సినిమాల్లో ఎక్కువగా హాస్యానికే పనికొచ్చింది. టిక్‌టాక్ నడిచిన రెండేళ్లలో అదే మాట కోపం చూపించింది, ప్రేమ చూపించింది, కష్టసుఖాలు చెప్పుకుంది. అంతటి వేదిక రాత్రికి రాత్రి మూతపడింది.

హెచ్చరిక లేకుండా వచ్చిన దెబ్బ కూడా కాదు అది. 2019 ఏప్రిల్‌లోనే మద్రాసు హైకోర్టు మధ్యంతర ఆదేశంతో ఆ యాప్ కొద్దిరోజులు స్టోర్లలో కనిపించకుండా పోయి, మళ్లీ వచ్చింది. అంతకుముందు అమెరికాలో వైన్ అనే యాప్ కథ నడిచింది: 2013లో మొదలై, ఆరు సెకన్ల వీడియోలతో ఎందరినో పేరున్నవాళ్లను చేసి, 2016 అక్టోబరులో మూసేస్తున్నట్టు యజమాని అయిన ట్విట్టర్ ప్రకటించడంతో ముగిసింది. టిక్‌టాక్ ఖాళీ చేసిన చోటికి మన దేశపు యాప్‌లు మోజ్, జోష్, టకాటక్ ఉత్సాహంగా వచ్చాయి. 2022లో టకాటక్ మోజ్‌తో కలిసిపోయింది. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ 2020 జూలైలోనే ఇక్కడికి వచ్చింది, యూట్యూబ్ షార్ట్స్ అదే ఏడాది సెప్టెంబరులో ప్రయోగంగా మొట్టమొదట మన దేశంలోనే మొదలైంది. ఈరోజు మీ ముందున్న అసలు పోటీ ఈ రెండింటి మధ్యే కాబట్టి నా మాటలు కూడా వాటి చుట్టూనే సాగుతాయి.

టిక్‌టాక్ పోయాక మళ్లీ నిలదొక్కుకున్నవాళ్లకూ, కనుమరుగైనవాళ్లకూ మధ్య తేడా ప్రతిభలో ఉందని నేను అనుకోను. నిలదొక్కుకున్నవాళ్లు చాలావరకు తమ వీడియోల అసలు ఫైళ్లను యాప్ ముద్ర పడకుండా తమ దగ్గర దాచుకున్నవాళ్లు. అన్నిచోట్లా ఒకే పేరుతో ఉన్నవాళ్లు. తమను వెతుక్కోవడానికి జనానికి ఇంకో దారి ముందే చూపించి ఉంచినవాళ్లు. అందుచేత ఏ వేదికను ఎంచుకున్నా మొదటిరోజు నుంచీ చేయవలసిన పని ఒకటుంది. యాప్‌లోనే షూట్ చేసి, యాప్‌లోనే ఎడిట్ చేసి, అక్కడే వదిలేయకండి. ఫోన్ కెమెరాతో తీసి, బయట ఎడిట్ చేసి, పాట కలపకముందు ఒక కాపీ, కలిపాక ఒక కాపీ హార్డ్‌డిస్కులో పెట్టుకోండి. ఇంకో యాప్ వాటర్‌మార్క్ ఉన్న వీడియోలను తక్కువమందికి చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది కాబట్టి, ఈ జాగ్రత్త ఆపద కోసమే అనుకోనక్కర్లేదు, రోజువారీ రీచ్‌కు, అంటే వీడియో ఎంతమందికి చేరుతుందన్నదానికి కూడా అవసరం.

ఇక రెండు వేదికల స్వభావానికి వస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. చూసే సమయం, లైకులు, డీఎంలో (నేరుగా సందేశంగా) ఇంకొకరికి పంపడం, ఈ మూడింటినే ముఖ్యంగా లెక్కలోకి తీసుకుంటామనీ, మిమ్మల్ని ఇంతవరకు ఎరగనివాళ్లకు చేరడంలో పంపడానికే బరువు ఎక్కువనీ ఆ సంస్థ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 మొదట్లో బహిరంగంగా చెప్పారు. అంటే అక్కడ మీ వీడియో చూసిన మనిషి మనసులో ఒక పేరు మెదలాలి: "ఇది మా అక్కకు చూపించాలి." ఆ పేరు మెదలని వీడియో, ఎంత బాగా తీసినా, మీ ఫాలోవర్ల దగ్గరే ఆగిపోతుంది. యూట్యూబ్ షార్ట్స్‌లో వేలితో పైకి తోసేశారా, ఆగి చూశారా అన్నది పెద్ద లెక్క. అయితే ఆ వేదికకు అసలు బలం వెతుకులాట. మీ వీడియో పెట్టిన వారంలో నిద్రపోయి, అవసరం వచ్చిన రోజున లేస్తుంది.

దీనికి మన ఊరి ఉదాహరణే చెబుతాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. నిషేధం ఎందుకు, ఏ పడవలకు వర్తిస్తుంది, ఆ రెండు నెలలూ మార్కెట్లోకి వచ్చే చేప ఎక్కడిది, ఈ మూడు సంగతులూ ఫిషింగ్ హార్బర్‌లో నిలబడి ఒక నిమిషంలో శుభ్రంగా చెప్పిన షార్ట్ ఒకటి చేశారనుకోండి. దాన్ని డిసెంబరులో ఎవరూ చూడరు. ఏప్రిల్ రాగానే జనం మళ్లీ అదే ప్రశ్న వెతుకుతారు. అక్షయ తృతీయనాడు సింహాచలంలో జరిగే చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచే గిరిప్రదక్షిణ కూడా ఇలాంటివే. ఏటా లక్షలమంది వస్తారు, ఏటా కొత్తగా వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో, నీళ్లెక్కడ దొరుకుతాయో ఏటా వెతుకుతారు. ఇదే హార్బర్‌లో తెల్లవారుజామున బుట్టల చుట్టూ మూగి వేలంపాట పాడుతున్న ఆడవాళ్ల గొంతులను ముప్పై సెకన్లు పట్టుకున్నారనుకోండి, దాన్ని ఎవరూ వెతకరు. చూసినవాళ్లు మాత్రం బెంగళూరులో ఉన్న విశాఖవాళ్లకు పంపుతారు. మొదటిది యూట్యూబ్ పని, రెండోది ఇన్‌స్టాగ్రామ్ పని. 2025 జూలై నుంచి ప్రొఫెషనల్ ఖాతాల పోస్టులు గూగుల్‌లో కూడా కనిపించేలా ఇన్‌స్టాగ్రామ్ మార్పు చేసింది కాబట్టి ఈ గీత కొంత చెరిగింది, అయినా పూర్తిగా చెరిగిపోలేదు.

ఒకే ఫుటేజీని రెండు వేదికలకూ ఎలా మలచవచ్చో ఒకసారి దగ్గరగా చూద్దాం. ఇక్కడికి కొన్ని గంటల్లో వెళ్లి రాగలిగిన ఏటికొప్పాకనే తీసుకుందాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్ర లేతు మీద గిర్రున తిరుగుతూ ఉంటుంది. కళాకారుడు రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తాడు. రాపిడి వేడికి లక్క కరిగి, కర్ర చుట్టూ ఎర్రటి పట్టీలా పరుచుకుంటుంది. తర్వాత మొగలి ఆకు మడిచి అదిమితే ఆ పట్టీకి నిగారింపు వస్తుంది. మీ ఫోన్లో ఉన్నది ఇంతే అనుకుందాం: నాలుగైదు షాట్లు, కాస్త లేతు చప్పుడు, కళాకారుడు చెప్పిన రెండు మాటలు.

రీల్ అయితే మొదటి ఫ్రేములోనే లక్క కర్రను తాకాలి. ఊరి బోర్డు, దారి, మీ పరిచయం, ఏవీ వద్దు. సినిమా పాట పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి, లేతు చప్పుడే ఉంచండి, ఎందుకంటే ఆ చప్పుడు మీ వీడియోలో తప్ప ఇంకెక్కడా దొరకదు. ఇరవై సెకన్లు చాలు. చివరి షాట్‌లో పూర్తయిన బొమ్మ అరచేతిలో కనిపించాలి. క్యాప్షన్‌లో ధర, ఎలా తెప్పించుకోవాలో రెండు వరుసలు. దీన్ని డిసెంబరు మధ్యలో పెడితే, సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో అది అక్కచెల్లెళ్ల మధ్య చేతులు మారుతుంది. ఆర్డరు డీఎంలోనే వస్తుంది.

షార్ట్ అయితే అదే ఫుటేజీకి మీ గొంతు కావాలి. మొదటి వాక్యం ప్రశ్నగా ఉండాలి: "చిన్నపిల్లలు లక్క బొమ్మను నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది?" పసుపు నుంచి, నీలిమందు నుంచి, జాఫ్రా గింజల నుంచి రంగులు తీసే పద్ధతి ఆ ఊళ్లో ఉందని చెబుతూ, సహజ రంగు వేసిన బొమ్మనే ఎలా అడిగి కొనుక్కోవాలో చెప్పండి. శీర్షికలో జనం వెతికే మాటలే ఉండాలి. "వావ్, అద్భుతం" అని ఎవరూ వెతకరు. షార్ట్స్ వివరణలోనూ వ్యాఖ్యల్లోనూ పెట్టిన లింకులు నొక్కినా తెరుచుకోకుండా యూట్యూబ్ 2023 ఆగస్టు చివర మార్పు చేసింది, దానికి బదులుగా మీ ఛానెల్లోని ఇంకో వీడియోను జతచేసే వీలు ఇచ్చింది. ఆ ఊరి పనివాళ్లతో మీరు చేసిన పది నిమిషాల వీడియోను అక్కడ జతచేయండి. నూటికి ఇద్దరు ముగ్గురు అటు వెళ్లినా వాళ్లే మీ నిజమైన ప్రేక్షకులు.

చూశారు కదా, ముడిసరుకు ఒకటే అయినా తయారైనవి రెండు వేర్వేరు వీడియోలు. ఒకే ఫైలును రెండుచోట్లా పడేసి "నేను రెండు వేదికల మీదా ఉన్నాను" అనుకునేవాళ్లు నిజానికి ఏ వేదిక మీదా లేరన్నది నా అభిప్రాయం.

డబ్బు విషయం దాటవేయడం నాకు ఇష్టం లేదు. మీలో చాలామంది ఇళ్లలో ఈ పనిని ఉద్యోగంగా ఒప్పించవలసిన పరిస్థితి ఉందని నాకు తెలుసు. షార్ట్స్ మీద ప్రకటనల వాటా 2023 ఫిబ్రవరి 1న మొదలైంది. ప్రకటన రెండు షార్ట్‌ల మధ్య వస్తుంది కనుక అది ఏ ఒక్క వీడియోకూ చెందదు. ఆ డబ్బు ఒకచోట చేరుతుంది. పాట లేని వీడియోకు పడే భాగం మొత్తం క్రియేటర్ల నిధికి వెళ్తుంది. ఒక పాట వాడితే సగం, రెండు పాటలు వాడితే మూడింట రెండు వంతులు సంగీత హక్కుల ఖర్చుకు వెళ్తాయి. మిగిలిన నిధిని ఒక్కో దేశంలో వచ్చిన వ్యూస్‌లో ఎవరి వాటా ఎంతో ఆ ప్రకారం పంచి, అలా మీ పేరిట పడినదాంట్లో 45 శాతం మీకు ఇస్తారు. మీరు పాట వాడినంత మాత్రాన మీ ఒక్కరి శాతం తగ్గదు. అందరూ వాడితే అందరి నిధీ తగ్గుతుంది. ఎక్కువ నిడివి వీడియోల్లో అయితే ఆ వీడియో మీదే వచ్చిన ప్రకటన ఆదాయంలో 55 శాతం నేరుగా మీది. ఈ తేడాను అర్థం చేసుకున్నవాళ్లు షార్ట్స్‌ను ఆదాయంగా చూడరు, ఎక్కువ నిడివి వీడియోకు వాకిలిగా చూస్తారు. నేనూ అలాగే చూడమంటాను.

అర్హత లెక్కలు కూడా గుర్తుపెట్టుకోండి. ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే వరుసలో) చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రాదు. కోటి వ్యూస్ వెంట పరిగెత్తడం తేలిక అని చాలామంది అనుకుంటారు, ఎందుకంటే ఒక్క వీడియో పేలితే చాలనిపిస్తుంది. పాఠాలు చెప్పేవాళ్లకూ, వంటలు వివరంగా చూపేవాళ్లకూ, పోటీ పరీక్షల శిక్షణ ఇచ్చేవాళ్లకూ 4,000 గంటల దారే నిలకడైనదని నా గట్టి నమ్మకం. ఇంకో జాగ్రత్త: 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైన ప్రతిసారీ, మళ్లీ ప్లే అయిన ప్రతిసారీ దాన్ని వ్యూగా లెక్కిస్తున్నారు. మీ అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. డబ్బుకూ అర్హతకూ మాత్రం పాత పద్ధతిలో, అంటే కాసేపైనా ఆగి చూసినవాటినే లెక్కించే ఎంగేజ్డ్ వ్యూస్‌నే చూస్తారు. యూట్యూబ్ లెక్కల పేజీ అయిన అనలిటిక్స్‌లో ఆ అంకెనే చూడండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో మనవాళ్ల రాబడి ప్రధానంగా ప్రమోషన్లది. ద్వారకానగర్ బట్టల దుకాణమో, భీమిలి వైపు కొత్త రిసార్టో, జగదాంబ దగ్గర నగల షాపో మిమ్మల్ని పిలుస్తుంది. వాళ్లకు కావలసింది కోటి వ్యూస్ కాదు, దుకాణానికి రాగలిగిన మనుషులు. మీ ఫాలోవర్లలో విశాఖ, అనకాపల్లి, విజయనగరం వాళ్లు ఎంత శాతమో ఇన్‌స్టాగ్రామ్ లెక్కల పేజీ అయిన ఇన్‌సైట్స్‌లో ఊళ్లవారీగా కనిపిస్తుంది; ఆ స్క్రీన్‌షాటే మీ బేరానికి బలం. పది వేలమంది ఫాలోవర్లున్నా అందులో ఎక్కువమంది మన చుట్టుపక్కలవాళ్లే అయితే, దేశమంతా చెల్లాచెదురుగా లక్షమంది ఉన్నవాళ్ల కంటే స్థానిక వ్యాపారికి మీరే ఎక్కువ పనికొస్తారు. ఈ మాట మొహమాటం లేకుండా వ్యాపారికి చెప్పడం నేర్చుకోండి. సొంత దుకాణం నడుపుతూ బిజినెస్ ఖాతా పెట్టుకున్నవాళ్లకు ఒక చిక్కుంది: ఆ ఖాతాలకు సినిమా పాటల లైబ్రరీ పూర్తిగా దొరకదు. ట్రెండింగ్ పాట మీద ఆధారపడే ఆలోచన ఉంటే ఖాతా రకం ముందే చూసుకోండి.

ప్రమోషన్ అనగానే చట్టం కూడా వస్తుంది. డబ్బో వస్తువో తీసుకుని చేసిన వీడియోలో అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలిచ్చింది. వివరణలో ఎక్కడో అడుగున రాస్తే చాలదు, వీడియోలోనే కనిపించాలి, వినిపించాలి. కానుకగా వచ్చే వస్తువులు ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే 10 శాతం పన్ను కోత 2022 జూలై 1 నుంచి ఉంది. రివ్యూ చేసి తిరిగి ఇచ్చేసిన ఫోన్ దానిలోకి రాదు, ఉంచుకున్నది వస్తుంది. ప్రకటన అని చెబితే జనం చూడరని భయపడేవాళ్లను నేను చూశాను. చూస్తారు. దాచి చేసి దొరికిపోయినవాళ్లనే చూడటం మానేస్తారు.

యాస గురించి చెప్పకపోతే ఈ ఊళ్లో నిలబడి మాట్లాడి ప్రయోజనం లేదు. వేదిక ఏదైనా, వ్యూస్ కాస్త పెరగగానే మన పిల్లలు గొంతు మార్చేస్తున్నారు. ఇంట్లో "ఏటి సేస్తన్నావ్" అని అడిగే అమ్మాయి కెమెరా ముందు టీవీ యాంకర్ తెలుగులోకి వెళ్లిపోతుంది. అందరికీ అర్థం కావాలన్న ఆశతోనే అలా చేస్తారు, తెలుసు. కానీ ఫీడ్‌లో వేలు ఆగేది ఇంతకుముందు వినని గొంతు వినబడినప్పుడే. ఎక్కడో ఒక మాట అర్థం కాదేమో అనిపిస్తే తెర మీద అక్షరాలు వేయండి. గొంతును మాత్రం అలాగే ఉంచండి. టిక్‌టాక్ రోజుల్లో ఉత్తరాంధ్ర పల్లెలు సంపాదించుకున్న చోటు ఇదే, దాన్ని మన చేతులతో మనం వదులుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

చివరగా, ఒంటరిగా పనిచేసేవాళ్లకు ఒక మాట. షూటింగ్, ఎడిటింగ్, వ్యాఖ్యలకు జవాబులు అన్నీ మీరే చూసుకుంటున్నప్పుడు రెండు వేదికలకూ సమానంగా సమయం ఇవ్వలేరు. ఒకదాన్ని ప్రధానం చేసుకుని కనీసం మూడు నెలలు దాని మీదే ఉండండి. రెండోదాంట్లో అదే పేరుతో ఖాతా తెరిచి, వారానికి ఒకటో రెండో మలచిన వీడియోలు పెట్టి ఉంచండి. ఆ మూడు నెలల్లో ప్రతి ఆదివారం ఒక నోటుపుస్తకంలో మూడు సంగతులు రాయండి: ఎంతమంది ఇంకొకరికి పంపారు, ఎంతమంది వెతుక్కుని వచ్చారు, ఎంతమంది మిమ్మల్ని నేరుగా సంప్రదించారు. ఈ మూడింటిలో ఏది పెరుగుతోందో, అది మీరు మొదట కోరుకున్న పనేనో కాదో సరిచూసుకోండి. కాకపోతే వేదిక మార్చడానికి వెనకాడకండి. మారే ముందు, 2023 సెప్టెంబరు నుంచి మన దేశంలో ఉన్న వాట్సాప్ ఛానెల్‌ను ఒకటి తెరిచి, దాని లింకును ప్రొఫైల్‌లో పెట్టి, వరుసగా నాలుగైదు వీడియోల్లో నోటితో చెప్పండి; అప్పుడు మీతో రావాలనుకున్నవాళ్లకు దారి తెలుస్తుంది.